ఒకే తేదీ, రెండు జాతీయ దినాలు: ఆస్ట్రేలియా పౌరసత్వ ప్రమాణం – చారిత్రక పరిశీలన

జనవరి 26 మనకు గణతంత్ర దినోత్సవం. 1930లో పూర్ణ స్వరాజ్య దినంగా పాటించిన ఆ తేదీనే 1950లో రాజ్యాంగం అమలుకు ఎంచుకున్నారు. ఆస్ట్రేలియాకూ అదే జాతీయ దినం. ఆనాడు అక్కడి స్థానిక పాలక మండళ్లు సభలు జరిపి వలస వచ్చినవారిచేత పౌరసత్వ ప్రమాణం చేయిస్తాయి. ఆ సభలో నిలబడిన భారతీయునికి ఆ సెలవుదినం ఏ అర్థాన్ని ఇస్తుందన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

1788 జనవరి 26న ఆర్థర్ ఫిలిప్ నాయకత్వంలో వచ్చిన బ్రిటిష్ నౌకల బృందం సిడ్నీ కోవ్‌లో జెండా పాతింది. ఆ ఘట్టానికి నూటయాభై ఏళ్లు నిండిన 1938లో ఒకవైపు ఉత్సవాలు జరుగుతుండగా, జాక్ పాటెన్, విలియం ఫెర్గూసన్ వంటి మూలవాసీ నాయకులు సిడ్నీలోని ఆస్ట్రేలియన్ హాల్‌లో సమావేశమై దానిని సంతాప దినంగా పాటించారు. తమకు సంపూర్ణ పౌర ప్రతిపత్తి కావాలని తీర్మానించారు. ఇది గమనించదగిన విషయం. ఈ తేదీ వలసదారుల పౌరసత్వ దినం కావడానికి ముందే, ఆ నేల తొలి సంతానం అదే తేదీన పౌరసత్వం అడిగింది.

ఆస్ట్రేలియా పౌరసత్వ చట్టం 1949లో సరిగ్గా జనవరి 26నే అమలులోకి వచ్చింది. ఫిబ్రవరి 3న కాన్‌బెర్రా ఆల్బర్ట్ హాల్‌లో జరిగిన తొలి సభలో ప్రమాణం చేసిన ఏడుగురూ ఐరోపావారే. శ్వేత ఆస్ట్రేలియా విధానం ఆసియావాసులకు తలుపులు మూసి ఉంచిన కాలమది. మూలవాసులు పేరుకు పౌరులైనా, సమాఖ్య ఎన్నికలలో వారందరికీ ఓటు దక్కింది 1962లోనే. వలస విధానంలోని జాతి వివక్ష 1973లో గాని పూర్తిగా తొలగలేదు. తెలుగువారి వలస ప్రధానంగా ఆ తరువాతిదే.

1994 వరకు ఆ ప్రమాణం బ్రిటిష్ రాణికి విధేయత ప్రకటించేది. అంటే, తన దేశం బ్రిటిష్ రాచరికాన్ని వదులుకున్న తేదీనాడే భారతీయుడు మళ్లీ ఆ సింహాసనానికి కట్టుబడేవాడు! ఆ ఏడాది నుండి విధేయత ఆస్ట్రేలియాకు, దాని ప్రజలకు మారింది. అన్ని రాష్ట్రాలూ 26నే సెలవు పాటించడం కూడా 1994లోనే స్థిరపడింది. ఎంతో ప్రాచీనమని తోచే సంప్రదాయం వయస్సు ఇంతే.

మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా పరదేశ పౌరసత్వం పొందినవారికి భారత పౌరసత్వం రద్దవుతుంది. కనుక ప్రమాణ వాక్యం ముగిసిన క్షణంలో, గణతంత్ర దినం నాడే, ఆ వ్యక్తి గణతంత్రపు ఓటరు కాకుండా పోతాడు. తరువాత లభించే ఓ.సి.ఐ. కార్డు రాకపోకలకు పనికివస్తుంది గాని ఓటు హక్కునివ్వదు.

2017లో మెల్‌బోర్న్‌లోని యారా పాలక మండలి 26న ప్రమాణ సభ జరపబోమని నిర్ణయించగా, కేంద్ర ప్రభుత్వం ఆ మండలికి సభ జరిపే అధికారాన్నే తీసివేసింది. 2022 చివర నిబంధనను సడలించి, ముందు వెనుకల మూడేసి రోజులలో జరుపుకోవచ్చునన్నారు. తేదీ ఎంపికపై అధికారం పాలక మండలికీ ప్రభుత్వానికీ మధ్యనే తిరిగింది. ప్రమాణం చేసేవారు ఆ వివాదంలో పక్షం కాలేదు.

ఆస్ట్రేలియాలో పౌరసత్వ దినమని వేరే ఒకటి ఉన్నది: సెప్టెంబరు 17. 1973లో పై చట్టం పేరు మారిన తేదీ అది. అయితే 1948లో హైదరాబాదు సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయిన తేదీ కూడా అదే. దానిని విమోచన దినమనాలో విలీన దినమనాలో తెలంగాణలో ఇప్పటికీ తేలలేదు.