బీట్ గెలిచింది, ర్యాపర్ మిగల్లేదు

మన మాచవరం కుర్రాళ్లు కూడా ఇప్పుడు ఫోన్‌లో దొరికిన బీట్ మీద ర్యాప్ కడుతున్నారు. విన్నవాళ్లు "బీట్ అదిరింది" అంటారు, పాడినోడి మాట ఎత్తరు. ఇది పాత కథే.

1981లో క్వీన్ బ్యాండ్, డేవిడ్ బౌవీ కలిసి 'అండర్ ప్రెజర్' పాడారు. దాని మొదట్లో వచ్చే బేస్ గిటార్ ముక్కని 1990లో వనిల్లా ఐస్ 'ఐస్ ఐస్ బేబీ'కి వాడేశాడు. బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్ అయిన తొలి హిప్‌హాప్ పాట అదే. దాని ఆల్బమ్ 'టు ది ఎక్స్‌ట్రీమ్' 16 వారాలు టాప్‌లో ఉంది. మరి ఇప్పుడు జనం దేన్ని హమ్ చేస్తారు? ఆ బేస్ ముక్కనే! అసలువాళ్లకి మొదట్లో క్రెడిట్ కూడా ఇవ్వలేదు. గొడవయ్యాక పేర్లు వేసి, డబ్బు కట్టాల్సొచ్చింది.

1992లో బాబా సెహగల్ 'ఠండా ఠండా పానీ'తో అదే ఊపుని హిందీలోకి తెచ్చాడు. 2008లో మన 'జల్సా' టైటిల్ సాంగ్ పాడింది ఈయనే.

ఇప్పుడు మన కారెంపూడి చూడండి. వీరుల తిరునాళ్లలో పల్నాటి కథ పాడే వీరవిద్యావంతుల దగ్గర లెక్క రివర్స్. వాయిద్యం ఊపునిస్తుంది, కథని నడిపేది మాత్రం గొంతే. బాలచంద్రుడు ఇన్ని తరాలు బతికింది ఆ గొంతుల్లోనే.

అందుకే నేననేది ఒకటే. బీట్ ఆపేసి మీ లైన్లు ఒక్కసారి చదవండి. అప్పుడు కూడా నిలబడితేనే అది మీ పాట. బీట్ చేసినోళ్ల పేరు మాత్రం తప్పకుండా వేయండి.