దారం తెగిన సంగతి మగ్గానికి ఎలా తెలుస్తుంది?

సూరత్ నుంచి కామ్‌రేజ్ వెళ్లే దారిలో లస్కాణా దగ్గర మరమగ్గాల షెడ్లు కనిపిస్తాయి. ఇక్కడ ఒడియా కార్మికులు ఎక్కువ. నగరంలోని లింబాయత్ వైపు తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు స్థిరపడ్డాయి. మరమగ్గాల మీద కూలీ సాధారణంగా నేసిన మీటర్ల లెక్కనే. మగ్గం ఊరికే ఆగితే మీటర్లు తగ్గుతాయి. ఆగాల్సిన చోట ఆగకపోతే బట్టలో లోపం పడుతుంది. ఈ రెండు నష్టాల మధ్య నిలబడేది ఒక చిన్న సెన్సార్.

పడుగు దారం విషయంలో ఏర్పాటు చాలా సరళం. ఒక్కో దారం మీద ఒక్కో పలుచని ఉక్కు రేకు వేలాడుతుంది. దీన్నే డ్రాపర్ అంటారు. దారం బిగువుగా ఉన్నంతసేపు అది పైనే ఉంటుంది. దారం తెగగానే కిందికి జారి, కాంటాక్ట్ పట్టీని తాకి విద్యుత్ వలయాన్ని పూర్తి చేస్తుంది. ఆ సంకేతంతో మగ్గం ఆగుతుంది. దారం తెగితే తనంతట తాను ఆగే మగ్గాన్ని జపాన్‌లో టొయొడా సకిచి 1924 నాటికే పక్కాగా తయారుచేశారు. కార్ల కంపెనీ టొయోటా మూలాలు ఆ మగ్గాల్లోనే ఉన్నాయి.

పేకకు పద్ధతి వేరు. పాలిస్టర్ నేసే వాటర్‌జెట్ మగ్గంలో నీటి ధారే పేకను అవతలికి మోసుకెళ్తుంది. తడి దారం రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పడితే కొద్దిపాటి కరెంటు పారుతుంది. పారకపోతే పేక రాలేదన్నమాట. చిక్కేమిటంటే, నీటిలో లవణాల శాతం మారితే ఆ కరెంటూ మారుతుంది. విడిగా ఎగిరిపడిన నీటి చుక్క కూడా దారంలా నటించగలదు.

మిల్లీసెకన్ల లెక్క

డిజైన్ మొదలయ్యేది కాలం లెక్కతో. నిమిషానికి 600 పేకలు వేసే మగ్గంలో ఒక చుట్టుకు 100 మిల్లీసెకన్లు. డ్రాపర్ ఒక సెంటీమీటరు పడడానికే దాదాపు 45 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మగ్గానికి కబురు అందేసరికే సగం చుట్టు తిరిగిపోతుంది. పేక చేరాల్సిన క్షణానికీ, పన్నె దాన్ని బట్టలోకి తట్టే క్షణానికీ మధ్య చుట్టులో ఆరో వంతు ఉందనుకుంటే, మిగిలేది 17 మిల్లీసెకన్లు.

తర్వాతి వంతు బ్రేకుది. విద్యుదయస్కాంత బ్రేకులో తీగచుట్ట ఉంటుంది. స్విచ్ వేయగానే అందులో కరెంటు పూర్తిగా పెరగదు. ఇండక్టెన్స్ 0.5 హెన్రీ, నిరోధం 25 ఓమ్‌లు అనుకుంటే, కరెంటు 63 శాతానికి చేరడానికే 20 మిల్లీసెకన్లు కావాలి. ఉన్న గడువు దాటిపోయినట్టే. అందుకే తొలి క్షణాల్లో ఎక్కువ వోల్టేజీ ఇచ్చి, బ్రేకు పట్టాక తగ్గిస్తారు. అప్పటికీ మగ్గం తర్వాతి చుట్టులోనే ఆగవచ్చు. ఆధునిక మగ్గాలు నెమ్మదిగా వెనక్కి తిరిగి లోపమున్న పేకను బయటపెడతాయి. పాత సాంచా మీద ఆ పని చేత్తోనే.

ఇంకో బెడద అదురు. మగ్గం కుదుపుకు డ్రాపర్ ఎగిరి కాంటాక్టును తాకితే దారం తెగకపోయినా సంకేతం వస్తుంది. అందుకే కొన్ని మిల్లీసెకన్లు నిలకడగా తాకితేనే నమ్మేలా సర్క్యూట్ చేస్తారు. ఆ గడువు పెంచితే తప్పుడు ఆగుళ్లు తగ్గుతాయి, అసలు తెగుళ్లకు స్పందన ఆలస్యమవుతుంది. ఎక్కడ గీత గీయాలన్నది నిజానికి ఇంజినీరింగ్ ప్రశ్న ఒక్కటే కాదు, కూలీ ప్రశ్న కూడా.

షెడ్డులోనే అసలు పరీక్ష

పాత సాదా మరమగ్గాలను మెరుగుపరిచే పనిని కేంద్రం 2017 ఏప్రిల్‌లో ప్రారంభించిన పవర్‌టెక్స్ ఇండియాలో చేర్చారు. ఉన్న మగ్గానికే బిగించే ఆ పరికరాల్లో పడుగు, పేక తెగితే ఆపే ఏర్పాట్లతో పాటు మెరుగైన బ్రేకు కూడా ఉంది. బ్రేకు సరిగా పట్టని మగ్గానికి మంచి సెన్సార్ బిగించి లాభం లేదు మరి.

అలా బిగించిన దాన్ని రెండు రకాలుగా పరీక్షించాలి. పడుగు వెడల్పులో వేర్వేరు చోట్ల, చుట్టులో వేర్వేరు క్షణాల్లో కావాలని దారం తెంపి, ఎన్నిసార్లు ఆగిందో చూడడం మొదటిది. ఏ దారమూ తెగకుండా ఒక పూర్తి షిఫ్టు నడిపి, ఊరికే ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టడం రెండోది. ఇది శుభ్రమైన ల్యాబ్‌లో చేస్తే ఫలితం అందంగా వస్తుంది. షెడ్డులో గంజి పొడి, నూలు పొట్టు కాంటాక్ట్ పట్టీ మీద పేరుకుంటాయి. డ్రాపర్ పడ్డా కరెంటు పారదు. కాబట్టి శుభ్రం చేయకుండా ఎన్ని రోజులు పనిచేస్తుందో కూడా చూడాలి. ఊరికే ఆపే సెన్సార్ అయితే ఇంకో ముప్పు ఉంది: మీటర్లు పోతున్నాయని ఎవరో ఒకరు దాని వైరు పీకేసి మగ్గం నడిపిస్తారు.