తమిళనాడు ఉచిత లాప్‌టాప్ పథకం: మన ఇళ్ళకు తెలియవలసిన సంగతులు

తమిళనాడులో ప్రభుత్వ బడిలోనో, ఎయిడెడ్ బడిలోనో ప్లస్‌టూ చదివిన పిల్లలున్న మన ఇళ్ళలో చాలాచోట్ల ‘గవర్నమెంటు లాప్‌టాప్’ ఒకటి ఉంటుంది, లేదా ఒకప్పుడు ఉండేది. ఈ పథకం ఎలా మొదలైంది, ఎవరికి అందింది, అందులో మన తెలుగుకు చోటు ఎలా చేసుకోవాలి అన్న విషయాలను ఇక్కడ ఒకచోట చేర్చాం.

పథకం పుట్టుక

2011 సెప్టెంబరు 15న, అన్నాదురై జయంతి రోజున, అప్పటి ముఖ్యమంత్రి జయలలిత తిరువళ్ళూరు జిల్లా కాక్కలూరులో ఈ పథకాన్ని ప్రారంభించారు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలోని ప్లస్‌టూ విద్యార్థులకు, అలాగే ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలల, పాలిటెక్నిక్‌ల విద్యార్థులకు లాప్‌టాప్ ఉచితంగా ఇవ్వాలన్నది ఉద్దేశం. మొదటి ఏడాదికి 9.12 లక్షల యంత్రాలు లక్ష్యంగా పెట్టుకున్నారు. టెండర్లు పిలిచి కొనే పని ప్రభుత్వ సంస్థ ఎల్‌కాట్‌కు అప్పగించారు. తర్వాతి సంవత్సరాలలో మొత్తం 50 లక్షలకు పైగా లాప్‌టాప్‌లు పంచారు. మార్కులతోగాని, కుటుంబ ఆదాయంతోగాని ముడిపెట్టకుండా తరగతిలో అందరికీ ఇవ్వడం దీని ప్రత్యేకత.

కరోనా కాలంలో పంపిణీ నిలిచిపోయింది. 2025 మార్చి బడ్జెట్‌లో ప్రభుత్వం మళ్ళీ ఈ దారి పట్టింది. అయితే ఈసారి రెండేళ్ళలో 20 లక్షల మంది కళాశాల విద్యార్థులకు లాప్‌టాప్‌గాని, ట్యాబ్‌గాని ఇస్తామని ప్రకటించి, మొదటి విడతకు రూ. 2,000 కోట్లు కేటాయించింది.

ప్రైవేటు మెట్రిక్యులేషన్ బడుల పిల్లలకు ఈ పథకం వర్తించలేదు. ఇంగ్లీషు చదువు కోసం పిల్లలను ఆ బడులకు పంపిన మన కుటుంబాలు దీనికి దూరంగానే ఉండిపోయాయి.

యంత్రం ఇస్తే చదువు వస్తుందా?

పెరూ దేశంలో పల్లె బడులకు పెద్ద ఎత్తున లాప్‌టాప్‌లు ఇచ్చారు. అక్కడ 319 బడులలో జరిపిన పరిశీలన 2012లో వెలువడింది. పిల్లలకు కంప్యూటరు వాడకం బాగా అబ్బింది గాని, లెక్కలలో, భాషలో మార్కులు పెరిగిన జాడ కనబడలేదు. యంత్రం వచ్చింది, దానితో పాఠం చెప్పే తీరు మాత్రం మారలేదు. కేరళ వేరే దారి ఎంచుకుంది. ముందు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, ఒక్కొక్క పిల్లవాడికి కాక తరగతి గదికి లాప్‌టాప్, ప్రొజెక్టరు సమకూర్చింది. 2018 నుంచి అలా 45,000 గదులను సిద్ధం చేసింది.

తమిళనాడు పద్ధతిలో మేలు లేకపోలేదు. బడి గదిలోని యంత్రం సాయంత్రం తాళం పడితే అందదు. ఇంటికి వచ్చిన యంత్రం సెలవుల్లోనూ, కళాశాలలో చేరాకా పిల్లల దగ్గరే ఉంటుంది. కాకపోతే దానిమీద ఏం చదవాలో ఇంట్లో ఎవరో ఒకరు చూడాలి.

మన తెలుగు సంగతి

2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం బడిలో తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున 2015-16కు పదో తరగతికి చేరింది. తెలుగు ఐచ్ఛికంగా మిగిలింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు తమిళం పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చినా, అది ఆ ఒక్క విద్యా సంవత్సరానికే. బడిలో తెలుగుకు దొరికే గంటలు తగ్గినప్పుడు, ఇంట్లోని లాప్‌టాప్ ఆ లోటును కొంత తీర్చగలదు. అందుకు చేయవలసినవి ఇవి:

• తెలుగు మీటలు: విండోస్‌లో తెలుగు ముందే ఉంది. సెట్టింగ్స్‌లో భాషల జాబితాకు తెలుగును చేర్చితే చాలు. తర్వాత విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే భాష మారుతుంది. బడిలో తమిళానికి నేర్పే ‘తమిళ్99’ అమరిక తెలుగుకు పనికిరాదు. ఇన్‌స్క్రిప్ట్ అమరిక అయితే తెలుగుకూ తమిళానికీ ఒకటే: ‘క’ ఉన్న మీటలోనే తమిళ ‘క’ కూడా ఉంటుంది. ఒకసారి వేళ్ళకు అలవాటైతే రెండు భాషలూ వస్తాయి.

• యూనికోడ్: పెళ్ళి పత్రికలు అచ్చువేసేచోట వాడే అను ఫాంట్లలో కొట్టినది ఇంకో యంత్రంలో తెలుగుగా కనబడకపోవచ్చు. పోతన, వేమన వంటి యూనికోడ్ ఫాంట్లు వాడితే ఈ చిక్కు ఉండదు.

• పాఠ్యపుస్తకాలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల తెలుగు పాఠ్యపుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్ 2020 నుంచి తెచ్చిన ద్విభాషా పుస్తకాలలో ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట అదే పాఠం తెలుగు. సైన్సు మాటలకు తెలుగు తెలియని మన పిల్లలకు ఇవి బాగా ఉపకరిస్తాయి. ‘దీక్ష’లో తెలుగు పాఠాలు ఉన్నాయి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా, దాని తోడు వికీసోర్స్ చదువుకోవడానికే కాదు, మన ఊళ్ళ గురించి రాయడానికీ వీలిస్తాయి.

పాత లాప్‌టాప్ ఉంటే

విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో భద్రతా మద్దతు ఆగిపోయింది. అలాంటి యంత్రంలో బ్యాంకు పనులు చేయకపోవడం మంచిది. తూకానికి అమ్మేసే ముందు తేలికపాటి లినక్స్ ఎక్కించి చూడండి. తొలి విడతల లాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఇచ్చారు, అది తెలుగులోనూ పనిచేస్తుంది. బ్యాటరీ చచ్చిపోయినా, ఛార్జరు పెట్టి వాడితే పుస్తకాలు చదవడానికి, తెలుగు కొట్టడం నేర్చుకోవడానికి సరిపోతుంది.

కుటుంబాలకు మా సూచన

కళాశాలలో చేరే పిల్లలుంటే, కొత్త పథకం కింద పేరు నమోదైందా అని కళాశాల కార్యాలయంలోనే అడగండి. దళారులకు డబ్బు ఇవ్వవద్దు, ఇది ఉచితం. వచ్చిన యంత్రం అన్న చేతికే పోకుండా, పేరున్న అమ్మాయి దగ్గరే ఉండేట్టు చూడండి. పెట్టె విప్పిన రోజే తెలుగు మీటలు చేర్చి, ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో ఒక ఉత్తరం కొట్టించండి.