‘ఫ్లిమ్‌జీ’: తేలికైనదల్లా నాసిరకం కాదు

‘ఫ్లిమ్‌జీ’ ఇంగ్లిష్ విశేషణం. స్పెల్లింగ్‌లో ‘ఎస్’ ఉన్నా, పలికేటప్పుడు ‘జడ్’ ధ్వని వస్తుంది. 18వ శతాబ్దం తొలినాళ్ల నుంచి వాడుకలో ఉంది. పలుచని పొర అనే అర్థమున్న ‘ఫిల్మ్’ నుంచి పుట్టి ఉండవచ్చని నిఘంటుకారుల అభిప్రాయం. నకళ్లు తీసే పల్చటి కాగితాన్ని కూడా ‘ఫ్లిమ్‌జీ’ అనేవారు.

తెలుగులో దీనికి ఒక్క మాట సరిపోదు. బట్ట అయితే ‘పలుచని’, అట్టపెట్టె అయితే ‘నాసిరకం’, వాదన అయితే ‘పస లేని’, సాక్ష్యం అయితే ‘నిలవని’. ‘ఫ్లిమ్‌జీ ఎక్స్‌క్యూజ్’కు మనకు ‘కుంటిసాకు’ సిద్ధంగానే ఉంది. కోర్టు వార్తల్లో కనిపించే ‘ఫ్లిమ్‌జీ గ్రౌండ్స్’కూ అదే నప్పుతుంది. కుంటిసాకులతో కేసులు సాగదీయకుండా ఉండేందుకే సివిల్ విచారణలో ఒక్కో పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతోంది.

ఈ అర్థాలన్నిటికీ మూలం ఒకటే: మోయాల్సిన భారాన్ని మోయలేకపోవడం. తేలికగా ఉండటం వేరు, ఆగలేకపోవడం వేరు. ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చే చోటు అండమాన్.

2011 జనగణన ప్రకారం అండమాన్, నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్‌బ్లెయిర్)లోని షాదీపూర్ సహా ఈ దీవులన్నీ తీవ్ర భూకంప ప్రాంతంలోనే ఉన్నాయి. 2004 డిసెంబర్ 26న 9.1 తీవ్రతతో భూమి కంపించినప్పుడు, ఇక్కడి సంప్రదాయ కర్ర ఇళ్లు చాలావరకు తట్టుకున్నాయి. దెబ్బతిన్న వాటిలో కాంక్రీటు కట్టడాలున్నాయి. బరువు తక్కువైతే భూకంపం ఆ కట్టడం మీద చూపే బలమూ తక్కువే. పైగా కర్ర కొంత వంగి, ఊగి నిలుస్తుంది. చూపుకు గట్టిగా ఉన్నా, కమ్మీలు సరిగా కట్టని స్తంభమే అసలైన ‘ఫ్లిమ్‌జీ’.

అయితే అదే రోజు కార్ నికోబార్ తీరంలో తేలికపాటి ఇళ్లను సునామీ ఊడ్చుకుపోయింది. ఊపుకు ఆగేది అలకు ఆగకపోవచ్చు.

అందుకే ఈ మాటను అనువదించే ముందు ‘దేనికి ఆగదు?’ అని అడగాలి. జవాబు దొరికితే సరైన తెలుగు మాట దొరుకుతుంది. దొరక్కపోతే, ‘ఫ్లిమ్‌జీ’ అన్న విమర్శకే పస లేదేమో చూసుకోవాలి.