పెరుగుదల హార్మోన్ చికిత్స: ఆరోగ్యవంతులైన పెద్దల్లో మార్పులు

పీయూష గ్రంథి నుంచి వెలువడే పెరుగుదల హార్మోన్ పని పిల్లల ఎత్తుతో తీరిపోదు. పెద్దల్లోనూ అది కొవ్వును కరిగిస్తుంది, కండను నిలుపుతుంది. ఎదుగుదల పనిని మాత్రం చాలావరకు కాలేయం చేత ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్‌ను తయారు చేయించి జరుపుతుంది.

రక్తంలో ఈ హార్మోన్ ఎక్కువుంటే ఒళ్లు ఎదుగుతుందనుకోవడం పొరపాటు. తిండి చాలక పాదాలు నీరు పట్టే క్వాషియోర్కర్ జబ్బు పిల్లల రక్తంలో పెరుగుదల హార్మోన్ మామూలు కన్నా ఎక్కువగా ఉంటుంది, అయినా బిడ్డ ఎదగదు. కడుపుకు తిండి లేనప్పుడు కాలేయం ఆ హార్మోన్ మాట వినదు, ఐజీఎఫ్-1 పడిపోతుంది. ఒకే కరువులో కొందరు పిల్లలు ఉబ్బడం, మరికొందరు ఎండిపోవడం ఎందుకో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞుడు కె.ఎస్. జయరావు 1974లో లాన్సెట్ పత్రికలో చర్చించారు. కార్టిసాల్ వంటి హార్మోన్ల స్పందనలోనే ఆ తేడా ఉందని ఆయన వాదన.

చికిత్స 1958లో మొదలైంది. అప్పట్లో మందును మృతుల పీయూష గ్రంథుల నుంచి తీసేవారు. దాని ద్వారా ప్రాణాంతకమైన మెదడు జబ్బు సోకుతోందని 1985లో తేలడంతో ఆపేశారు. అదే ఏడాది జన్యు సాంకేతికతతో చేసిన మందు వచ్చింది. సరఫరా పెరిగాక ఆరోగ్యవంతుల మీదికి చూపు మళ్లింది.

1990లో డేనియల్ రుడ్మన్ బృందం 61-81 ఏళ్ల 12 మంది పురుషులకు ఆరు నెలలు ఈ ఇంజెక్షన్ ఇచ్చింది. వారి ఐజీఎఫ్-1 యువకుల స్థాయికి చేరింది. కొవ్వు 14.4 శాతం తగ్గింది, కొవ్వు లేని శరీర బరువు 8.8 శాతం పెరిగింది. యవ్వనం తిరిగొచ్చినట్టు ప్రచారం సాగింది కానీ, ఒక హార్మోన్‌ను కదిలిస్తే మిగతావీ కదులుతాయి. బయటి నుంచి మందు వచ్చాక పీయూష గ్రంథి సొంత ఉత్పత్తిని తగ్గిస్తుంది. థైరాయిడ్ హార్మోన్ టి4, టి3గా మారడం వేగమవుతుంది. కార్టిజోన్ కార్టిసాల్‌గా మారడం తగ్గుతుంది. ఇన్సులిన్ పట్టు సడలి, దాని స్థాయి రక్తంలో పెరుగుతుంది. చక్కెర జబ్బు వైపు మొగ్గున్నవారికి ఇదే పెద్ద ముప్పు.

2002లో వృద్ధుల మీద జరిగిన మరో ప్రయోగంలో కొందరికి చక్కెర పెరిగింది, కాళ్లు వాచాయి, కీళ్లు నొప్పిపెట్టాయి. పెరిగిన కండకు తగ్గ బలం మాత్రం రాలేదు. వయసు తగ్గించేందుకు ఈ మందు ఇవ్వడం అమెరికాలో చట్టవిరుద్ధం. క్రీడాకారులకు ఇది నిషిద్ధ ద్రవ్యం. వైద్యులు పరీక్షించి లోపం ఉందని తేల్చనిదే, ఎవరి మాట మీదా దీన్ని వేయించుకోవద్దు.