పల్లెబడికి పైకమెవ్వరిది? – 1912 నాటి చర్చ

గ్రంథాలయమునకు పాఠకులను సమకూర్చునది పల్లెబడి. అక్షరము నేర్వని యూరిలో బీరువాలెన్ని నింపినను అవి మూతపడియే యుండును. కావున రజతోత్సవము జరుపుకొనుచున్న యీ శుభసమయమున, బీదవాని బిడ్డ చదువునకగు వ్యయము నెవ్వరు భరింపవలయునను ప్రశ్న మన దేశపు శాసనసభలో నెట్లు చర్చింపబడినదో స్మరించుట యుచితము.

1910 మార్చిలో గోపాలకృష్ణ గోఖలే, ప్రాథమిక విద్యను ఉచితముగను నిర్బంధముగను చేయుటకు పూనుకొనవలెనని సామ్రాజ్య శాసనసభలో తీర్మానము ప్రతిపాదించెను. విషయమును పరిశీలింతుమని ప్రభుత్వము చెప్పగా దానిని ఉపసంహరించుకొనెను. ఆ సంవత్సరమే ప్రత్యేక విద్యాశాఖ యేర్పడెను గాని నిర్బంధ విద్య మాట ముందునకు సాగలేదు. అంతట 1911 మార్చి 16వ తేదీన ఆయనయే యొక బిల్లును ప్రవేశపెట్టెను. ఆ యేటి జనాభా లెక్కలలో అక్షరాస్యులు నూటికి ఇంచుమించు ఆరుగురు మాత్రమే.

ఆ బిల్లు మిక్కిలి మితమైనది. నిర్బంధము 6 మొదలు 10 సంవత్సరముల వరకు గల బాలురకే. అదియును స్థానిక సంస్థ కోరి, ప్రభుత్వానుమతి పొందిన చోట మాత్రమే. నెలకు పది రూపాయలలోపు రాబడి గల తండ్రి రుసుము చెల్లింపనక్కరలేదు. వ్యయములో రెండు పాళ్లు ప్రభుత్వము, ఒక పాలు స్థానిక సంస్థ భరింపవలెనన్నది గోఖలే ఆశయము. బరోడా సంస్థానమున శాయాజీరావు గైక్వాడు 1906 నాటికే నిర్బంధ విద్యను రాజ్యమంతట నమలుపరచియుండెను. స్వదేశ ప్రభువునకు సాధ్యమైనది బ్రిటిషు ప్రభుత్వమున కసాధ్యమెట్లగునని ఆలోచింపనివారు లేరు.

1912 మార్చి 18, 19 తేదీలలో కలకత్తాలో చర్చ జరిగెను. విద్యాసభ్యుడు హార్కోర్టు బట్లరు బిల్లును వ్యతిరేకించెను. ప్రజలు దీనిని కోరుట లేదనియు, రాష్ట్ర ప్రభుత్వము లంగీకరింపలేదనియు, ధనము చాలదనియు ప్రతిపక్షుల వాదము. మదనమోహన మాలవీయ బిల్లును సమర్థించెను. ధనము సమకూర్చుట ప్రభుత్వ ధర్మమనియు, అవసరమైనచో పన్ను వేయుడనియు మహమ్మదాలీ జిన్నా వాదించెను. అధికారుల సంఖ్యయే అధికమైన యా సభలో బిల్లును ప్రత్యేక సంఘమునకు పంపవలెనన్న ప్రతిపాదనకు అనుకూలముగ 13, ప్రతికూలముగ 38 వోట్లు వచ్చెను.

ఓటమి గోఖలేకు వింత కాదు. తమ తరమువారు వైఫల్యముల చేతనే దేశసేవ చేయగలరని ఆయన సభలోనే పలికియుండెను. 1915లో ఆయన పరమపదించెను. ఆ పలుకు వ్యర్థము కాలేదు. 1918లో విఠల్‌భాయి పటేలు కృషిచే బొంబాయి రాష్ట్రమునను, 1920లో ఆంధ్రజిల్లాలు చేరియున్న మద్రాసు రాష్ట్రమునను ప్రాథమిక విద్యా చట్టములు వెలసెను. స్వతంత్ర భారత రాజ్యాంగము పదునాలుగేండ్ల లోపు పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య నందింప యత్నింపవలెనని ఆదేశించెను. 2002లో అది ప్రాథమిక హక్కుగ సవరింపబడి, 2010 ఏప్రిలు 1 నుండి చట్టముగ నమలులోనికి వచ్చెను.

ఆ చట్టపు ఏడవ విభాగము, వ్యయభారము కేంద్ర రాష్ట్రముల ఉమ్మడి బాధ్యత యని చెప్పుచున్నది. ఎవరి పాలెంతయను గోఖలే నాటి ప్రశ్న ఇట్లు మరల మన యెదుట నిలిచినది. హక్కు వ్రాయుటకు కాగితము చాలును. బడి నడచుటకు పైకము వలయును. సభలలో ఆయవ్యయములు చర్చకు వచ్చునపుడు పల్లెబడి పాలెంతయని యడుగుట పౌరుని విధి. అట్లడుగ నేర్చిన పాఠకులను తయారుచేయుటయే గ్రంథాలయమునకు నిజమైన ఉత్సవము.