పని నేర్పిన ఆల్విన్

ఒకప్పుడు పాలమూరు పల్లెల్లో పెళ్లి మాటలు సైకిలు, రేడియో, వాచీ చుట్టూ తిరిగేవి. వాచీ అంటే హెచ్‌ఎంటీ, లేదంటే ఆల్విన్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బజార్లలో ఆ పేరును ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఆఫీసుల్లో ఇనుప బీరువా మీద, మందుల షాపులో ఫ్రిజ్ తలుపు మీద, కాస్త కలిగిన ఇంటాయన ముంజేతి మీద అదే పేరు. మన రాష్ట్రంలో పుట్టి, మన మనుషుల చేతుల మీద తయారై, దేశమంతా అమ్ముడుపోయిన సరుకు అది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. అది కూలిన తీరు తలచుకుంటే నాకు నేటికీ మనసు ఒప్పదు. ఒక్క రోజున తాళం పడి ఉంటే ఏడ్చి ఊరుకునేవాళ్లం. ఆల్విన్‌ను ఏళ్ల తరబడి ముక్కముక్కగా విడదీశారు.

అది 1942లో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నిజాం సర్కారు పరిశ్రమల కోసం ఏర్పాటు చేసిన ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాదీన్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ అప్పటికే నడుస్తున్నాయి. మరుసటి ఏడే సికింద్రాబాద్ వైపు ప్రాగా టూల్స్ వచ్చింది. రాజరికంలో లోపాలు ఎన్నైనా ఉండవచ్చు, ఇక్కడి ఇనుము ఇక్కడే కరిగి ఇక్కడే వస్తువు కావాలన్న ఆలోచన మాత్రం మంచిది. రాజ్యం పోయింది, రాష్ట్రం మారింది, కంపెనీ హైదరాబాద్ ఆల్విన్‌గా, ప్రభుత్వ సంస్థగా నిలబడింది.

నిజాం రాష్ట్రంలో సర్కారు బస్సులు 1932లో 27 బండ్లతో మొదలయ్యాయి. తర్వాతి కాలంలో ఆ రవాణా సంస్థ బస్సులకు ఆల్విన్ బాడీలు కట్టింది. హైదరాబాద్ రోడ్ల మీద తిరిగిన డబుల్ డెక్కర్ కూడా దాని చేతి పనే. పల్లె నుంచి పట్నం వెళ్లిన పిల్లాడికి చార్మినార్ తర్వాత చూడాల్సింది ఆ రెండంతస్తుల బస్సే. పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఊరికి తిరిగొచ్చాక చెప్పుకోవడానికి ఏడాదికి సరిపడా కథ. బీరువాలు, కుర్చీలు, ఆ తర్వాత ఫ్రిజ్‌లు వచ్చాయి. 165 లీటర్ల ఆల్విన్ ఫ్రిజ్ మధ్యతరగతి ఇంట్లో ముందు గదిలోనే ఉండేది. వంటింట్లో పెడితే వచ్చినవాళ్లకు కనపడదు కదా! మా వైపు లో వోల్టేజీకి కంప్రెసర్ కాలకుండా పక్కన స్టెబిలైజర్ తప్పనిసరి. ఎండాకాలం గద్వాలలో కుండ నీళ్లు కూడా వెచ్చబడే మధ్యాహ్నాల్లో ఇరుగుపొరుగు పిల్లలంతా గిన్నెలు పట్టుకుని ఆ ఇంటికే ఐసు ముక్కల కోసం చేరేవాళ్లు.

ఇవన్నీ సరుకు మాటలు. పోయినదాంట్లో అసలు విలువైనది వేరే ఉంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ మొదలైంది. వానలు ముఖం చాటేసే జిల్లాలో, తట్ట, పార పట్టుకుని దేశమంతా వలస పోయిన తండ్రుల కొడుకులకు అది కొత్త దారి. డిప్లొమా చేతికొస్తే చూపు హైదరాబాద్‌లోని సనత్‌నగర్, బాలానగర్ ఫ్యాక్టరీల వైపే పోయేది. ఆల్విన్, హెచ్‌ఎంటీ, ఐడీపీఎల్. అప్రెంటిస్‌గా చేరి, రేకును గీసి, కోసి, వంచి, అతికి, రంగు వేసి, గ్యాస్ నింపి చివరికి వస్తువుగా చూడటంలో ఒక చదువు ఉంది. అది ఏ పుస్తకంలోనూ దొరకదు. పక్కన నిలబడ్డ పెద్దాయన చేయి చూసి నేర్వాల్సిందే. ఒక తరం ఇంకో తరానికి అందించే ఆ పనితనం ఫ్యాక్టరీ గోడల మధ్యనే బతుకుతుంది. గోడలు పోతే దానికి వేరే ఇల్లు దొరకదు. పర్మినెంటు ఉద్యోగం వచ్చిన కుర్రాడు ఊళ్లో చెల్లెలి పెళ్లి చేసేవాడు, తమ్ముణ్ని చదివించేవాడు, బోరు వేయించేవాడు. సనత్‌నగర్ సైరన్ మోగితే పాలమూరులో పొయ్యి వెలిగేదంటే అతిశయోక్తి కాదు.

1980లలో ఆల్విన్ రెక్కలు బాగా చాచింది. 1981లో జపాన్ సీకో సాయంతో వాచీలు మొదలుపెట్టింది. నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు. పుష్పక్ పేరుతో స్కూటరు. ఒక్క దశాబ్దంలో ఇన్ని. ఆ రోజుల్లో ఇది ధైర్యంగానే కనిపించి ఉంటుంది. ఇప్పుడు వెనక్కి చూస్తే, బీరువాలూ ఫ్రిజ్‌లూ అమ్మి కూడబెట్టుకున్న బలాన్ని నాలుగు దిక్కులకు పంచేసినట్టు కనిపిస్తుంది.

పైగా కాలం కలిసి రాలేదు. 1985 తర్వాత జపాన్ యెన్ విలువ అమాంతం పెరిగింది. అక్కడి నుంచి తెచ్చుకునే విడిభాగాల ఖర్చు మోయలేనంత అయింది. ఆల్విన్ నిస్సాన్ ఒక్కటే కాదు, అప్పుడు దేశంలోకి వచ్చిన జపాన్ చిన్న ట్రక్కులన్నీ ఆ దెబ్బ తిన్నాయి. సరిగ్గా 1986లో టాటా 407 వచ్చి ఆ మార్కెట్‌ను ఊడ్చేసింది. మరుసటి ఏడు టైటన్ వాచీలు బజారులోకి దిగాయి. మర వాచీల రోజులు ముగిసి క్వార్ట్జ్ రోజులు మొదలయ్యాయని టైటన్ ముందే పసిగట్టింది. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ప్రభుత్వానిది కాబట్టి ఆల్విన్ పోయింది అనేవాళ్లు చాలామంది ఉన్నారు. టైటన్‌లో తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కోకు మొదటి నుంచీ భాగం ఉంది. హోసూరులో పల్లె పిల్లలను చేర్చుకుని, పని నేర్పి, వాళ్లతోనే ఆ వాచీలు చేయించారు. సర్కారు చేయి తగిలినంత మాత్రాన వస్తువు చెడదు. పట్టించుకునేవాళ్లు లేకపోతే చెడుతుంది. కార్మికుల సోమరితనమే కారణమన్న మాటను నేను ఎప్పటికీ ఒప్పుకోను. ఏ వాచీ చేయాలో, ఎప్పుడు మార్చాలో, అప్పు ఎంత తేవాలో నిర్ణయించింది షిఫ్టులో నిలబడినవాళ్లు కాదు.

తర్వాత జరిగింది పంపకం. ట్రక్కుల వ్యాపారం మహీంద్రా చేతికి పోయింది. ఖాయిలా పరిశ్రమగా మిగిలిన కంపెనీలో ఫ్రిజ్‌ల విభాగం 1990ల తొలి అర్ధభాగంలో వోల్టాస్‌కు చేరింది. వాచీల విభాగం ఆ దశాబ్దంలోనే మూతపడింది. వాచీని వెనక్కి నెట్టింది టైటన్, ట్రక్కును ఓడించింది 407, ఫ్రిజ్‌ను తీసుకున్నది వోల్టాస్. మూడూ టాటాలవే. అటువైపు ఓపిక, ముందుచూపు ఉన్నాయి. ఇటువైపు ఆ రెండూ కరువయ్యాయి.

ఫ్రిజ్ కథ ఇంకా బాధపెడుతుంది. 1991 తర్వాత దేశ మార్కెట్ తలుపులు తెరుచుకున్నాయి. విదేశీ కంపెనీలు వరుసగా దిగాయి. వోల్టాస్ నుంచి ఆల్విన్ పేరు స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్‌కు పోయింది. 2005లో ఎలక్ట్రోలక్స్ ఇక్కడి వ్యాపారాన్ని వీడియోకాన్‌కు అమ్మింది. 2018లో వీడియోకానే దివాలా కోర్టు మెట్లెక్కింది. పేరు చేతులు మారుతూ పోయింది, చివరికి ఆ చేతులూ మిగల్లేదు. చిన్న ఊళ్లలో ఈ మార్పుల దెబ్బ తగిలింది మెకానిక్‌లకు, డీలర్లకు. తయారు చేసేవాడు పోయాక తలుపు రబ్బరు, థర్మోస్టాట్ వంటి విడిభాగాలు దొరకడం గగనమైంది. బాగుచేసి వాడుకోవలసిన ఫ్రిజ్‌లు పాత ఇనుప సామాను బండ్లకు వెళ్లాయి.

కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ ఉంది. మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా ఉంది. కొత్త తరం ఆ పేర్లను బస్సు స్టాపులుగా మాత్రమే ఎరుగును. 2023లో హైదరాబాద్‌కు డబుల్ డెక్కర్లు మళ్లీ వచ్చాయి. అవి ఎలక్ట్రిక్ బండ్లు, స్విచ్ మొబిలిటీ తయారీ. ఒకనాడు డబుల్ డెక్కర్‌కు బాడీ కట్టిన నగరం వాటిని బయట కొనుక్కుంది. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, బోర్డులు మారాయి. పాలమూరు నుంచి పట్నానికి పోయే పని మాత్రం ఎక్కువగా కూలి పనే. అద్దాల మేడలు లేచే చోట ఇటుకలు మోసేవాళ్లలో మనవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆల్విన్‌లో పనిచేసినవాళ్లు ఇప్పుడు వయసు మళ్లినవాళ్లు. వాళ్లతో పాటు వాళ్ల చేతి విద్య కూడా వెళ్లిపోతుంది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి పెద్దాయన ఉంటే దయచేసి కూర్చుని మాట్లాడండి. ఏ షాపులో పనిచేశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, చివరి జీతం ఏ రోజున అందింది, అన్నీ ఆయన మాటల్లోనే రాసిపెట్టండి. గుర్తింపు కార్డు, జీతం చీటీ, యూనియన్ కరపత్రం, ఆగిపోయిన వాచీ, ఏదున్నా పాత సామానుకు వేయకండి. వనపర్తి పాలిటెక్నిక్‌లో ఒక గది ఇస్తే చాలు, వాటన్నిటినీ అక్కడ చేర్చవచ్చు. ఆ గది అడగాల్సింది మనమే.